దాగి ఉండే ఫోల్డర్లు, దాచిపెట్టే వైరస్‌లు

అందరికీ నమస్కారం.

డిస్కులో చోటు ఎందుకు చాలడం లేదో చూద్దామని ఎవరో ఒకరు దాగిన ఫైళ్లన్నీ చూపించమని సెట్టింగ్ మారుస్తారు. అంతవరకు లేని ఫోల్డర్లు పాలిపోయిన రంగులో వరసగా ప్రత్యక్షమవుతాయి. కొన్నింటి పేర్ల ముందు డాలర్ గుర్తు ఉంటుంది. ఒకదాన్ని తెరవబోతే అనుమతి లేదంటుంది. ఇంకొకదాన్ని తొలగిస్తే కాసేపటికే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పేరు కొత్త, తెరుచుకోదు, పొమ్మంటే పోదు. ఇక వైరస్ కాక మరేమిటి అనిపిస్తుంది. అలా అనిపించడం సహజమే. కానీ ఆ కంగారులో చేసే పనుల వల్ల పాడయ్యే కంప్యూటర్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ విషయం విడమరిచి చెప్పాలనుకున్నాను. చెప్పేది ఎక్కువగా విండోస్ గురించి. అవసరమైనచోట మిగతావాటిని కూడా తాకుతాను.

ముందు ఈ దాగడం అంటే ఏమిటో చూద్దాం. డిస్కులో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డర్‌కూ ఒక నమోదు ఉంటుంది. అందులో పేరు, తేదీలతో పాటు కొన్ని గుర్తులు ఉంటాయి. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచీ వస్తున్న ఆ గుర్తుల్లో ఒకటి 'హిడెన్', మరొకటి 'సిస్టమ్'. హిడెన్ ఒక్కటే ఉన్న ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్‌లో 'హిడెన్ ఐటమ్స్' అన్నచోట టిక్కు పెట్టగానే కనిపిస్తుంది. రెండు గుర్తులూ ఉన్నది ఆ టిక్కుకు లొంగదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' పక్కన ఉన్న టిక్కు తీసేయాలి. తీయబోతే విండోస్ ఒకసారి హెచ్చరిస్తుంది. అంతకు మించి ఇందులో తాళమూ లేదు, పాస్‌వర్డూ లేదు. చూపించవద్దని ఎక్స్‌ప్లోరర్‌కు చేసిన సూచన, అంతే. ఆ సూచన విండోస్ చేయవచ్చు, మీరు చేయవచ్చు, మీ కంప్యూటర్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా చేయవచ్చు. అందువల్ల ఒక ఫోల్డర్ దాగి ఉందన్న ఒక్క కారణంతో దాన్ని మంచిదనీ అనలేం, చెడ్డదనీ అనలేం.

ఇప్పుడు తెర మీద సీ డ్రైవ్ చూడండి. ఈ పాలిపోయిన వాటిలో అందరినీ ఎక్కువగా భయపెట్టేది 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్'. దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ ఉంటుంది. నొక్కితే అనుమతి నిరాకరించామంటుంది. ఈ కంప్యూటర్‌కు అడ్మినిస్ట్రేటర్‌ని నేనే కదా, నాకే తలుపు వేస్తుందా అనిపిస్తుంది. వేస్తుంది, వేయాలి కూడా. సిస్టమ్ రిస్టోర్ తీసి ఉంచే పాత స్థితుల నకళ్లు, అంటే రిస్టోర్ పాయింట్లు, అందులోనే ఉంటాయి. ఏదైనా చెడిపోయిన రోజున కంప్యూటర్‌ను వెనక్కి తీసుకువెళ్లేది అవే. వాటిని ముట్టుకునే హక్కు 'సిస్టమ్' అనే అంతర్గత ఖాతాకు మాత్రమే ఉంటుంది. కొందరు పట్టుబట్టి ఓనర్‌షిప్ మార్చుకుని లోపలికి వెళ్లి అన్నీ తుడిచేస్తారు. రేపటి అవసరానికి దాచినదాన్ని ఇవాళే పారేసుకోవడం అది.

ఈ ఫోల్డర్ గురించి ఇంకొక మాట. ఒక్కోసారి యాంటీవైరసే ఇందులో వైరస్ ఉందని చూపిస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు. కంప్యూటర్‌కు వైరస్ సోకిన రోజుల్లో తీసిన రిస్టోర్ పాయింట్‌లో ఆ వైరస్ నకలు కూడా పడి ఉంటుంది. అక్కడ అది నిద్రాణంగా ఉంటుంది. మీరు ఆ పాయింట్‌కు వెనక్కి వెళ్తేనే లేస్తుంది. అలాంటప్పుడు ఫోల్డర్‌తో పోరాడనక్కరలేదు. కంప్యూటర్ శుభ్రమైందని తేలాక సిస్టమ్ ప్రొటెక్షన్ సెట్టింగ్‌లోకి వెళ్లి పాత రిస్టోర్ పాయింట్లను తొలగించి, కొత్తది ఒకటి సృష్టించుకుంటే చాలు.

దాని పైన బాణం గుర్తుతో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' కనిపిస్తోంది చూడండి. ఇది కూడా తెరుచుకోదు. నిజానికి ఇది ఫోల్డరే కాదు. పాత విండోస్ ఎక్స్‌పీ వరకు వాడేవారి ఫైళ్లన్నీ ఆ పేరున్న ఫోల్డర్‌లో ఉండేవి. దాని తర్వాత వచ్చిన విస్టా నుంచి వాటిని 'యూజర్స్'లోకి మార్చారు. పాత ప్రోగ్రాములు పాత చిరునామాకే వెళ్తాయి కనుక, వాటిని కొత్త చోటికి మళ్లించడానికి ఈ పేరును అలాగే ఉంచారు. దానికంటూ లోపల ఏమీ లేదు, జాబితా చూసే అనుమతిని కూడా కావాలనే తీసేశారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పేజ్‌ఫైల్.సిస్ అనేది ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు. హైబర్‌ఫిల్.సిస్‌లో హైబర్నేట్ చేసినప్పటి మెమరీ అంతా ఉంటుంది. ఈ రెండూ జీబీల కొద్దీ ఉంటాయి. ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా ఫోల్డర్లలో మీరు వాడే ప్రోగ్రాముల సెట్టింగ్‌లు ఉంటాయి. రికవరీ పేరులోనే తెలుస్తోంది. ఫౌండ్.000 కనిపిస్తే డిస్కు తనిఖీలో దొరికిన తెగిపోయిన ఫైళ్ల ముక్కలను అందులో వేశారని అర్థం. అక్కడ వైరస్ కంటే డిస్కు ఆరోగ్యం గురించి ఆలోచించాలి. ప్రతిచోటా తగిలే డెస్క్‌టాప్.ఐఎన్ఐ కొన్ని పంక్తుల మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోల్డర్ ఏ బొమ్మతో, ఏ పేరుతో కనిపించాలో అందులో రాసి ఉంటుంది. థంబ్స్.డీబీలో మీ ఫొటోల చిన్న రూపాలు ఉంటాయి. ఇవేవీ వైరస్‌లు కావు.

మరొకటి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే అచ్చం వైరస్‌లాగే కనిపిస్తుంది. డీ డ్రైవ్ తెరవగానే ఇన్‌స్టాల్.ఈఎక్స్ఈ, దాని పక్కన ఈయూఎల్ఏ అనే పేరు తర్వాత అంకెలున్న టెక్స్ట్ ఫైళ్లు, వీసీరెడిస్ట్ పేరుతో ఒక బొమ్మ ఫైలు, ఇలా ఓ గుంపు కనిపిస్తుంది. ఎవరు పెట్టారో తెలియదు. ఇది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2008 రన్‌టైమ్‌ను స్థాపించే ప్యాకేజీలోని లోపం. తాత్కాలికంగా విప్పుకున్న ఫైళ్లను పని అయ్యాక తీసేయకుండా డ్రైవ్ మొదట్లో వదిలేసేది. ఆ ప్యాకేజీని ఏ గేమో, ఏ ప్రింటర్ సాఫ్ట్‌వేరో తనతో పాటు తెచ్చేది. హాని లేదు, తీసేసినా నష్టం లేదు.

ఇక పెన్‌డ్రైవ్ దగ్గరకు వద్దాం. ఖాళీ పెన్‌డ్రైవ్‌ను విండోస్ 8 లేదా ఆ తర్వాతి విండోస్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టి తీస్తే, అందులో సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ పుట్టుకొస్తుంది. తొలగిస్తే పోతుంది, మళ్లీ పెట్టగానే వస్తుంది. ఇదీ చాలామంది ఫిర్యాదు. లోపలికి వెళ్లి చూడండి. పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో ఉంటాయి. వాటిలో అనుమతుల వ్యవస్థ లేదు కనుక ఈ ఫోల్డర్ ఇక్కడ తెరుచుకుంటుంది. రెండు ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటి 'ఇండెక్సర్‌వాల్యూమ్‌గుయిడ్', 76 బైట్లు. రెండోది 'డబ్ల్యూపీసెట్టింగ్స్.డాట్', 12 బైట్లు. మొదటిదాంట్లో ఈ డ్రైవ్‌ను విండోస్ వెతుకులాట విభాగం గుర్తుపట్టడానికి ఒక సంఖ్య ఉంటుంది. 12 బైట్లలో ఏ వైరసూ పట్టదు. అదే ఫోల్డర్‌లో .ఈఎక్స్ఈ, .వీబీఎస్ లాంటి చివరలతో ఫైలు కనిపిస్తే మాత్రం అనుమానించాలి. పేరు అదే, కానీ లోపల ఉన్నది వేరు. మనం చూడవలసింది అక్కడే.

మీ పెన్‌డ్రైవ్ మ్యాక్ కంప్యూటర్‌కు వెళ్లి వస్తే చుక్కతో మొదలయ్యే పేర్లు మరికొన్ని వస్తాయి: .డీఎస్‌_స్టోర్, .ట్రాషెస్, .స్పాట్‌లైట్-వీ100, ఇలా. యూనిక్స్ సంప్రదాయంలో పేరు ముందు చుక్క పెడితే అది మామూలు జాబితాలో కనిపించదు. విండోస్ ఆ చుక్కను పట్టించుకోదు కనుక ఇక్కడ బయటపడతాయి. ఆండ్రాయిడ్ ఫోను మెమరీ కార్డులో లాస్ట్.డిర్, .థంబ్‌నెయిల్స్ కూడా ఈ కోవలోవే.

ఇప్పుడు అసలు వైరస్‌ల సంగతి. నేను ఈ రోజు అందరి మనసుల్లో నాటాలనుకున్న విషయం ఇదే, కాస్త జాగ్రత్తగా వినండి. సిస్టమ్ ఫోల్డర్ తనను తాను దాచుకుంటుంది, మీ ఫైళ్ల జోలికి రాదు. పెన్‌డ్రైవ్ వైరస్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. మీరు నొక్కితేనే దానికి ప్రాణం వస్తుంది. మీరు నొక్కాలంటే అది కనిపించాలి. కాబట్టి మీ ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతో తాను బయట నిలబడుతుంది. ఇంటి యజమానిని లోపలి గదిలో బంధించి, ఆయన కండువా వేసుకుని గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను పలకరించే దొంగలాంటిది. అందువల్ల అలాంటి పెన్‌డ్రైవ్‌లో పాలిపోయిన రంగులో కనిపించేవి మీ ఫొటోలు, మీ పాఠాలు, మీ లెక్కలు. ముదురు రంగులో నిండుగా కనిపించేవే ప్రమాదం. పాలిపోయినవన్నీ వైరస్ అనుకుని తుడిచేసినవాళ్లు సొంత ఫైళ్లను తామే పోగొట్టుకున్నారు. ఈ నష్టం చాలా బాధాకరం, ఎందుకంటే పూర్తిగా తప్పించుకోగలిగినది.

దగ్గరగా చూద్దాం. ఇది 'ఫొటోలు' అనే ఫోల్డర్‌లా ఉంది. బొమ్మ మూలలో చిన్న బాణం ఉంది, అంటే షార్ట్‌కట్. దీన్ని తెరవకుండా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' చదవండి. నిజమైన షార్ట్‌కట్ అయితే అక్కడ ఒక ఫోల్డర్ చిరునామా ఉంటుంది. దీనికి ఆదేశాలు నడిపే విండోస్ ప్రోగ్రామ్ సీఎండీ.ఈఎక్స్ఈతో మొదలై, మధ్యలో ఏదో స్క్రిప్ట్ పేరు, చివర ఎక్స్‌ప్లోరర్, ఆపైన మీ ఫోల్డర్ పేరు ఉన్నాయి. అంటే ముందు వైరస్‌ను నడిపి, తర్వాత మీ ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది. మీకు ఫొటోలు కనిపిస్తాయి, కాబట్టి అనుమానమే రాదు.

ఇప్పుడు పక్కనే పాలిపోయిన అసలు ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరుద్దాం. కింద 'హిడెన్' గడిలో టిక్కు ఉంది, కానీ తీయడానికి వీల్లేకుండా మసకబారి ఉంది. మీరు పెట్టిన హిడెన్ అయితే ఆ గడి ఇలా ఉండదు. సిస్టమ్ గుర్తు కూడా తగిలించారని దీని అర్థం. మీ ఫొటోల ఫోల్డర్‌కు సిస్టమ్ గుర్తు ఉండవలసిన అవసరం ఏముంది? కాబట్టి ఇది వైరస్ చేసిన పనే అని ఈ ఒక్క గడి చూసి గట్టిగా అనుమానించవచ్చు.

దీన్ని సరిచేయడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో యాట్రిబ్ అనే పాత ఆదేశం ఉంది. హెచ్ అంటే హిడెన్, ఎస్ అంటే సిస్టమ్. రెండింటినీ మైనస్ గుర్తుతో ఒకేసారి తీయాలి. హెచ్ ఒక్కటే తీయబోతే ఇది సిస్టమ్ ఫైలు, మార్చనంటుంది. చివర స్లాష్ ఎస్, స్లాష్ డీ చేరిస్తే లోపలి ఫోల్డర్లకు కూడా వర్తిస్తుంది. అయితే ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేయాలి. వైరస్ ఇంకా నడుస్తుండగా ఈ పని చేస్తే, మీరు బయటకు తెచ్చినవాటిని అది నిమిషాల్లో మళ్లీ దాచేస్తుంది.

షార్ట్‌కట్ కాకుండా ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ప్రోగ్రాములు కూడా ఉంటాయి. పేరు 'ఫొటోలు.ఈఎక్స్ఈ', కానీ విండోస్ మామూలుగా ఆ చివరి భాగాన్ని చూపించదు. 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నచోట టిక్కు పెట్టండి. నన్నడిగితే ఇది ప్రతి కంప్యూటర్‌లోనూ ఎప్పుడూ ఉండవలసిన సెట్టింగ్.

దాగి ఉండే వైరస్‌లు అసలే లేవని అనడం లేదు. ఉన్నాయి, కానీ అవి సిస్టమ్ పేర్లను అరువు తెచ్చుకుంటాయి. 2008 నవంబరులో బయటపడి లక్షల కంప్యూటర్లకు పాకిన కాన్‌ఫికర్ సంగతి చూడండి. అది పెన్‌డ్రైవ్‌లో 'రీసైక్లర్' అనే ఫోల్డర్ సృష్టించేది. ఎక్స్‌పీ రోజుల్లో హార్డ్‌డిస్కుల్లో చెత్తబుట్ట అసలు పేరు అదే. విస్టా నుంచి అది '$రీసైకిల్.బిన్' అయింది. అసలు చెత్తబుట్టలో ఒక్కో వాడుకరికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, దాని పేరు ఆ వాడుకరి గుర్తింపు సంఖ్య. ఎస్-1-5-21 అని మొదలై, మూడు పొడవైన సంఖ్యల తర్వాత చివర 1001 లాంటిది వస్తుంది. కాన్‌ఫికర్ కూడా అలాగే ఒక పొడవైన సంఖ్య పెట్టింది, కానీ అది ఎస్-5-3-42 అని మొదలయ్యేది. విండోస్ గుర్తింపు సంఖ్యలన్నీ ఎస్-1తోనే మొదలవుతాయి. ఎస్-5 అన్నది లేనే లేదు. పైగా మామూలు పెన్‌డ్రైవ్‌కు చెత్తబుట్టే ఉండదు, అందులో తొలగించినది నేరుగా పోతుంది. పోర్టబుల్ హార్డ్‌డిస్కులో ఉంటే సరే. పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఎందుకుందని అడగాలి.

ఆ ఫోల్డర్‌లోని ఫైలును నడిపించడానికి ఆటోరన్.ఇన్ఫ్ అనే మరో ఫైలు ఉండేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే వచ్చే చిన్న కిటికీలో ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి అన్న వరస రెండుసార్లు, అదే ఫోల్డర్ బొమ్మతో కనిపించేది. ఒకటి విండోస్‌ది, ఒకటి వైరస్‌ది. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఈ సదుపాయం తీసేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ద్వారా అదే చేశారు. ఇప్పుడు ఆటోరన్.ఇన్ఫ్ కనిపిస్తే ముందు అది ఫైలా, ఫోల్డరా చూడండి. వైరస్ ఆ పేరుతో ఫైలు పెట్టకుండా అడ్డుకోవడానికి కొన్ని రక్షణ పరికరాలు అదే పేరుతో తొలగించలేని ఫోల్డర్‌ను సృష్టించేవి. అది మీ పక్షమే.

భయం చేసే నష్టానికి ఒక పాత ఉదాహరణ చెబుతాను. 2001లో ఒక ఈ-మెయిల్ దేశదేశాలు తిరిగింది. మీ విండోస్‌లో సల్ఫ్ఎన్‌బీకే.ఈఎక్స్ఈ అనే ఫైలు ఉంటే అది వైరస్, వెంటనే తొలగించి మీ వాళ్లందరికీ చెప్పండి అని. వెతికినవాళ్లకు దొరికింది, ఎందుకంటే అది విండోస్‌తో వచ్చిన ఫైలే. పొడవైన ఫైలు పేర్లను పునరుద్ధరించే చిన్న పరికరం. మరుసటి ఏడు జేడీబీజీఎంజీఆర్.ఈఎక్స్ఈ మీద ఇలాంటి కథే వచ్చింది. దాని బొమ్మ బూడిదరంగు ఎలుగుబంటి పిల్ల. విండోస్ ఫైలుకు బొమ్మ ఎలుగుబంటి ఎందుకుంటుందని చాలామంది నమ్మి తుడిచేశారు. వైరస్ లేకుండానే వైరస్ పని జరిగిపోయింది. అయితే అదే కాలంలో మాజిస్టర్ అనే వైరస్, తాను సోకిన సల్ఫ్ఎన్‌బీకేను ఈ-మెయిల్‌కు తగిలించి పంపిన సందర్భాలూ ఉన్నాయి. విండోస్ ఫోల్డర్‌లో ఉన్నది మంచిది, మెయిల్‌లో వచ్చినది చెడ్డది. పేరు మాత్రం ఒకటే.

అందుకే పేరు కంటే చిరునామాకు ఎక్కువ విలువ ఇవ్వమంటాను. తెర వెనక సేవలను నడిపే విండోస్ సొంత ప్రోగ్రామ్ ఎస్‌వీసీహోస్ట్.ఈఎక్స్ఈ ఒకేసారి డజన్ల కొద్దీ నడుస్తుంటుంది, అది మామూలే. టాస్క్ మేనేజర్‌లో రైట్ క్లిక్ చేసి అది ఉన్న చోటు తెరిస్తే విండోస్ లోపలి సిస్టమ్32 రావాలి. అదే పేరు యాప్‌డేటాలోనో టెంప్‌లోనో కనిపిస్తే, లేదా వీ, సీ అక్షరాలు తారుమారై ఎస్‌సీవీహోస్ట్ అని ఉంటే, ఆపి చూడాలి. యాప్‌డేటా మంచి ఫోల్డరే, కానీ అక్కడ రాయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కరలేదు. వైరస్‌లు అక్కడ చేరడానికి కారణం అదే. ఫైలును ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ సంతకం కూడా ఒక ఆధారమే. అయితే ప్రాపర్టీస్‌లో ఆ ట్యాబ్ లేనంత మాత్రాన దొంగ ఫైలు అనకండి. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటి సంతకాలు విడిగా ఒక జాబితాలో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌కు కూడా ఆ ట్యాబ్ కనిపించదు. ఇంకా సందేహం తీరకపోతే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌కు పంపితే 70కి పైగా యాంటీవైరస్‌లు ఒకేసారి పరిశీలిస్తాయి. ఒకటి రెండు మాత్రమే అభ్యంతరం చెబితే అది పొరపాటు కావచ్చు. మీ సొంత పత్రాలు మాత్రం అక్కడ పెట్టకండి, పెట్టినవి ఇతరులకు కూడా అందుతాయి.

ముందు వరసలో ఒకరు అడుగుతున్నారు: దాగినవి చూపించమని సెట్టింగ్ మారిస్తే, వెంటనే తనంతట తానే మళ్లీ పాత స్థితికి వెళ్తోంది, ఇది కూడా మామూలేనా అని. కాదండీ. ఈ రోజు చెప్పిన అన్నింటిలోకీ గట్టి ఆనవాలు ఇదే. విండోస్ అలా చేయదు. కాన్‌ఫికర్‌తో పాటు అనేక వైరస్‌లు, విండోస్ తన సెట్టింగ్‌లను దాచుకునే రిజిస్ట్రీలో ఆ సెట్టింగ్‌ను పనిచేయకుండా చేసేవి. టాస్క్ మేనేజర్ తెరుచుకోకపోవడం, యాంటీవైరస్ సైట్లు మాత్రమే తెరుచుకోకపోవడం కూడా ఇలాంటివే.

ఇంకో ప్రశ్న: దాగినవన్నీ చూపించమన్నా కనిపించనివి ఉంటాయా? ఉంటాయి. వాటిని రూట్‌కిట్లు అంటారు. ఫైళ్ల జాబితా అడిగినప్పుడు విండోస్ ఇచ్చే జవాబునే అవి మధ్యలో మార్చేస్తాయి. 2005 అక్టోబరు 31న విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ తన కంప్యూటర్‌లో అలాంటిది కనిపెట్టి బయటపెట్టారు. అది వచ్చింది సోనీ బీఎంజీ అమ్మిన పాటల సీడీ నుంచి, నకళ్లు తీయకుండా అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌తో పాటు. $సిస్$ అని మొదలయ్యే ఏ పేరైనా అది కనిపించకుండా చేసేది. దాంతో వైరస్‌లు రాసేవాళ్లు కూడా తమ ఫైళ్లకు ఆ పేరు తగిలించుకుని దాని నీడలో దాక్కున్నారు.

ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు నడుస్తున్న విండోస్ లోపలి నుంచి వెతికి లాభం లేదు, అది చెప్పే జవాబే నమ్మదగినది కాదు. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ కింద డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించి, మామూలు విండోస్ లేవకముందే డిస్కును పరిశీలిస్తుంది. ముందుగా తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసుకోండి. అది పూర్తయి ఫలితం చూసుకున్నాక యాట్రిబ్‌తో మీ ఫోల్డర్లను బయటకు తెచ్చుకోండి. ఆ పెన్‌డ్రైవ్ ఇంకా ఏయే కంప్యూటర్లకు వెళ్లిందో గుర్తుచేసుకుని వాటిని కూడా ఇలాగే పరీక్షించండి; ఒక్కటి మిగిలినా మళ్లీ అక్కడి నుంచే వస్తుంది.